పాత జీతం ఎంత అని అడగడం ఎప్పుడు మానతారు?

సంపాదకుల గారికి,

నమస్కారం. మీ కెరీర్ పేజీని మా ఇంట్లో కత్తిరించి దాస్తాం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారబ్బాయి బీటెక్ మూడో ఏడు, అతని కోసం. ఈమధ్య అందులో సాఫ్ట్‌వేర్ డెవలపర్లు జీతం పెంచుకోవడం ఎలా అని ఒక వ్యాసం వేశారు. రెండేళ్లకోసారి కంపెనీ మారండి, తరచుగా అడిగే ఈ ప్రశ్నలకు జవాబులు నేర్చుకోండి, నవ్వుతూ మాట్లాడండి, ఉన్న జీతం మీద ముప్పై శాతం హైక్ అడగండి. ఇంతే సారం. నేను గచ్చిబౌలిలో ఓ కంపెనీలో జావా టీమ్‌ని చూసుకుంటాను. శనివారాలు ఇంటర్వ్యూ డ్రైవ్ పెడితే ప్యానెల్‌లో కూర్చుంటాను. పదేళ్లు దాటింది ఈ కుర్చీలో. ఆ వ్యాసంలో మిగతా మాటల సంగతి ఎలా ఉన్నా, చివరి మాట చదివాక మాత్రం ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఉన్న జీతం మీద ముప్పై శాతం! ఆ ఉన్న జీతం ఎలా వచ్చిందో, దానికీ రేపు చేయబోయే పనికీ ఏమిటి సంబంధమో ఎవరూ అడగరు. మంచి డెవలపర్లు ఎంతోమంది ఏళ్లకేళ్లు ఇరుక్కుపోయేది అక్కడే.

ప్యానెల్‌కి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. నాలుగేళ్ల అనుభవం. గుంటూరు వైపు ఇంజినీరింగ్, అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర జావా కోర్సు, ఆ తర్వాత ఓ సర్వీసు కంపెనీలో (వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేది) బ్యాంకు ప్రాజెక్టు. ఆ నాలుగేళ్లూ రెజ్యూమేలో ఒక్క వాక్యంలో ఉన్నాయి: ప్రొడక్షన్ సపోర్ట్ కార్యకలాపాల్లో పాల్గొన్నాను అని. ఏం చేసేవారు అని అడిగితే, "మామూలు సపోర్టే మేడమ్, టికెట్లు వస్తే చూసేవాళ్లం" అంది. టికెట్ అంటే ఏదైనా పాడైతే వచ్చే ఫిర్యాదు. నా పక్కనున్న కొలీగ్ అప్పటికే ఫీడ్‌బ్యాక్ ఫారం తెరిచి రిజెక్ట్ దగ్గర కర్సర్ పెట్టేశాడు.

"మీకు నిద్ర లేకుండా చేసిన టికెట్ ఒకటి చెప్పండి" అన్నాను.

కాసేపు ఆలోచించింది. నెలాఖరులో ఖాతాలకు వడ్డీ లెక్కగట్టే జాబ్ (తనంతట తాను నడిచే ప్రోగ్రామ్) ఒకటి ఉందట. మామూలుగా అరగంటలో అయిపోయేది ఓ నెల తెల్లవార్లూ నడిచింది. పొద్దున బ్రాంచీలు తెరిచే వేళకి కూడా అవలేదు. సర్వర్ మెమరీ పెంచమని ఒకరు, డేటాబేస్ వాళ్ల తప్పని ఒకరు. ఈ అమ్మాయి అందులోని క్వెరీకి (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నకి) ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్, అంటే డేటాబేస్ ఏ దారిన వెతుకుతోందో చెప్పే పట్టీ, తీసి చూసింది. ఖాతా నంబరు మీద ఇండెక్స్ (పుస్తకం చివరి విషయసూచిక లాంటిది) ఉంది, అయినా టేబుల్ మొత్తం స్కాన్ అవుతోంది. ఎందుకా అని కోడ్ వెతికితే, కొత్త రిలీజ్‌లో ఎవరో ఆ పారామీటర్‌ని సెట్‌స్ట్రింగ్ బదులు సెట్‌లాంగ్‌తో పంపారు. టేబుల్‌లో ఖాతా నంబరు అక్షరాల కాలమ్, వస్తున్నది అంకె. అలాంటప్పుడు ఒరాకిల్ డేటాబేస్ ప్రతి వరసలోని ఖాతా నంబర్నీ అంకెగా మార్చి పోల్చి చూస్తుంది, దాంతో మామూలు ఇండెక్స్ ఉన్నా పనికిరాదు. ఒక్క లైను మార్చింది. మర్నాడు రాత్రి జాబ్ మళ్లీ అరగంటలో పూర్తయింది.

ఇదంతా చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి గొంతే మారిపోయింది. ఇంగ్లిష్ తడబడ్డ చోట తెలుగులోకి వచ్చింది, తెల్లకాగితం అడిగి టేబుల్ గీసింది. మా కొలీగ్ రిజెక్ట్ పక్కనుంచి కర్సర్ తీసి, ఆ మార్పు ముందే టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదని అడిగాడు. "టెస్ట్ డేటాబేస్‌లో వెయ్యి ఖాతాలే సార్, అందులో స్కాన్ అయినా తెలీదు" అంది. నా లెక్కలో ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది. సీనియర్ డెవలపర్ హోదాకి ఇద్దరం సిఫారసు చేశాం.

తర్వాత హెచ్ఆర్ రౌండ్. ప్రస్తుత సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఎంత? అయిదు లక్షల ఇరవై వేలు. ఎంత ఆశిస్తున్నారు? "ముప్పై శాతం ఇస్తే చాలు సార్." అంటే ఆరు లక్షల డెబ్బై ఆరు వేలు. ఆ పోస్టుకి మేం అనుకున్న బడ్జెట్ 14 లక్షలు! అదే వారం అదే పోస్టుకి వచ్చిన ఇంకో అబ్బాయికి 13 ఇచ్చాం, అతని పాత జీతం 10 కాబట్టి. ఇంటర్వ్యూలో ఇద్దరిలో ఎవరు మెరుగంటే ఆ అమ్మాయి పేరే చెబుతాను. హెచ్ఆర్‌తో వాదిస్తే, "మేడమ్, ఇప్పటికే అరవై శాతం పైన ఇస్తున్నాం, ఇంకేం కావాలి?" అన్నారు. ఎనిమిదిన్నర దగ్గర తెగింది. ఆ అమ్మాయి సంతోషంగా చేరింది. ఇప్పుడు వాళ్లిద్దరూ పక్కపక్క సీట్లలో ఒకే పని చేస్తున్నారు.

అద్దె ఇంటి కోసం వెళ్తే, పాత ఇంట్లో ఎంత కట్టేవారని అడిగి దానిమీద ముప్పై శాతం వేసి అద్దె చెప్పే ఓనర్ని ఎవరైనా చూశారా? ఉద్యోగంలో మాత్రం అదే పద్ధతి, పైగా మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16 (పాత కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్క కాగితం) పట్టుకురమ్మంటారు.

దీని మూలం ఇంకా వెనక ఉంది. పదిహేనేళ్ల కింద నేను చేరినప్పుడు పెద్ద సర్వీసు కంపెనీల్లో ఫ్రెషర్‌కి మూడు, మూడున్నర లక్షలు ఇచ్చేవారు. ఈనాటికీ అక్కడ మొదటి మెట్టు దాదాపు అదే. అమీర్‌పేట హాస్టల్ ఫీజు మాత్రం అక్కడే ఆగలేదు. మూడున్నరతో మొదలైనవాడు ముప్పై శాతం చొప్పున రెండుసార్లు మారితే ఆరు లక్షలకు చేరడు. క్యాంపస్‌లో ఎనిమిది లక్షలతో ప్రోడక్ట్ కంపెనీలో (సొంత సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేది) పడ్డవాడు అవే రెండు మార్పులకి పదమూడున్నర దాటతాడు. మొదట నాలుగున్నర లక్షలున్న తేడా ఏడున్నర దాటుతుంది. మధ్యలో ఎవరు బాగా పనిచేశారన్నది ఈ లెక్కలోకి రానే రాలేదు. ఇరవై ఒకటో ఏట ఏ కాలేజీలో ఉన్నాం, ఆ ఏడు క్యాంపస్‌కి ఎవరొచ్చారు అన్నదే ముప్పై అయిదో ఏటి దాకా వెంటాడుతోంది. పిల్లల కోసం రెండు మూడేళ్లు ఆగి తిరిగొచ్చే ఆడవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. వాళ్లు చెప్పాల్సిన "ప్రస్తుత జీతం" ఎప్పటిదో పాత అంకె, అందులోంచి గ్యాప్ పేరు చెప్పి ఇంకాస్త కోత.

ఇది మార్చలేనిదేమీ కాదు. శాన్‌హోజేలో ఉండే నా క్లాస్‌మేట్ కిందటేడు ఉద్యోగం మారింది. నీ పాత జీతం అడిగారా అంటే నవ్వింది. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లని పాత జీతం అడగడం చట్టవిరుద్ధం. పైగా అభ్యర్థి అడిగితే ఆ పోస్టు జీతం ఎంత నుంచి ఎంత దాకా ఉంటుందో వాళ్లే చెప్పాలి. మసాచుసెట్స్ అంతకుముందే, 2016లోనే ఇలాంటి చట్టం చేసింది. కొలరాడోలో 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం రేంజ్ వేయాలి. ఆడవాళ్ల తక్కువ జీతం ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మోసుకుపోకుండా ఆపాలన్నది ఆ చట్టాల వెనకున్న ముఖ్యమైన ఆలోచన. యూరోపియన్ యూనియన్ కూడా 2023లో ఇలాంటి ఆదేశమే తెచ్చి, సభ్య దేశాలకు 2026 జూన్ దాకా గడువు పెట్టింది. మన వేతనాల కోడ్‌లో ఒకే పనికి ఆడా మగా తేడా చూపకూడదని ఉంది కానీ, పాత జీతం అడగొద్దని ఎక్కడా లేదు. హైదరాబాద్‌లోని అమెరికా కంపెనీల ఆఫీసులు అక్కడ అడగని ప్రశ్నని ఇక్కడ ఎందుకు అడుగుతున్నాయో, మీ విలేకరులు ఎవరైనా ఆ పెద్దల ముందు మైకు పెట్టి అడిగితే బాగుంటుంది.

చట్టం వచ్చేదాకా ఏం చేయాలి? అబద్ధం చెప్పమని మాత్రం నేను అనను. పేస్లిప్పులో అంకెలు దిద్దినవాళ్లు, లేని అనుభవం పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఇట్టే దొరుకుతున్నారు. పీఎఫ్ యూఏఎన్‌లో (ఉద్యోగికి ఇచ్చే శాశ్వత పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీ అంతా ఉంటుంది, ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు వదిలారు అన్నీ. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఎవరు మీ పేరున ఎంత టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసి కట్టే పన్ను) కట్టారో కనిపిస్తుంది. అమీర్‌పేటలో ఇప్పటికీ "ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం" అనేవాళ్లున్నారు. వాళ్లకు డబ్బు కట్టి చేరినవాడిని ఆరు నెలల తర్వాత వెరిఫికేషన్ రిపోర్టు రాగానే ఐడీ కార్డు తీసుకుని పంపించేయడం నా కళ్లతో చూశాను. కట్టిన డబ్బు ఊళ్లో అప్పు చేసి తెచ్చింది.

మరి మొదటి ఫోన్ కాల్‌లోనే "కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్" అని మూడూ ఒకే ఊపిరిలో అడిగేస్తారు కదా అంటారా? ముందు మీరు అడగండి: "ఈ పోస్టుకి మీ దగ్గర అనుకున్న రేంజ్ ఎంతండీ? అది నాకు సరిపడితేనే ఇద్దరి టైమూ వృథా కాదు." రిక్రూటర్ల దగ్గర ఆ అంకె ఉంటుంది, చాలామంది చెప్పేస్తారు కూడా. పాత జీతం చెప్పక తప్పకపోతే చెప్పండి. కానీ అదే శ్వాసలో, "అది సపోర్ట్ రోల్ జీతం, ఇది డెవలప్‌మెంట్ రోల్, మార్కెట్‌లో దీనికి ఇంత నడుస్తోంది, నేను చూస్తున్నది ఇంత" అని అంకె వేయండి. శాతం ఎత్తవద్దు. శాతం అన్న మరుక్షణం మీరే పాత జీతాన్ని పునాదిగా ఒప్పేసుకున్నట్టు. మార్కెట్‌లో ఎంత నడుస్తోందో ఎలా తెలుస్తుందంటే, కాలేజీ వాట్సాప్ గ్రూపులో అడగండి. మనవాళ్లు ప్లాటు ఎంతకి కొన్నారో గజంతో సహా చెబుతారు, జీతం దగ్గరికొచ్చేసరికి మౌనవ్రతం. ఆ మౌనం వల్ల లాభం కంపెనీకే.

అయితే ఈ అంకె గట్టిగా పలకాలంటే వెనక సరుకుండాలి. ప్రశ్నల జాబితాలు నాకు అందుకే గిట్టవు. జావా ఇంటర్వ్యూకి వచ్చే ప్రతివాడికీ హాష్‌మ్యాప్ (కీ ఇస్తే దానికి కట్టిన విలువ తెచ్చే జావా పెట్టె) ప్రశ్న వస్తుందని తెలుసు. ఒక బకెట్‌లో ఎంట్రీలు ఎనిమిది దాటితే లిస్టు కాస్తా రెడ్-బ్లాక్ ట్రీ అవుతుంది, జావా 8 నుంచి ఇలా, అని మంత్రంలా అప్పజెబుతారు. టేబుల్ సైజు 64 కన్నా చిన్నదైతే ట్రీ కట్టదు, టేబుల్‌నే పెంచుతుంది అని కూడా కొందరు చెబుతారు. బాగుంది. అప్పుడు నేను, "మీరు కస్టమర్ ఆబ్జెక్టుని కీగా పెట్టి మ్యాప్‌లో వేశారు. తర్వాత ఆ కస్టమర్ ఫోన్ నంబరు మార్చారు. ఇప్పుడు గెట్ చేస్తే ఏమొస్తుంది?" అంటాను. హాష్‌కోడ్‌లో (కీని ఏ బకెట్‌లో వెతకాలో చెప్పే అంకె) ఫోన్ నంబరు ఉందా లేదా అని తిరిగి నన్ను అడిగినవాడు ఎప్పుడో ఒకసారి ఈ దెబ్బ తిన్నవాడు. అతనికి ఆ ఎనిమిది, అరవై నాలుగు గుర్తులేకపోయినా నాకేం పట్టదు. తిననివాడు ఎదురుగా గోడ చూస్తాడు.

ఈ మధ్య గోడ కూడా చూడట్లేదు. వీడియో ఇంటర్వ్యూలో ప్రశ్న వినగానే, "మంచి ప్రశ్న" అని ఓ పది సెకన్లు సాగదీసి, కళ్లు ఎడమ నుంచి కుడికి కదుపుతూ, పాఠ్యపుస్తకంలా చదువుతారు. పక్క స్క్రీన్ మీద ఏఐ టైప్ చేస్తోందని మాకు తెలుసు. వాళ్లకూ మాకు తెలుసని తెలుసు. ఏఐ వాడటం నాకు అభ్యంతరం కాదు, మా టీమ్ రోజూ వాడుతుంది. కానీ, "సరే, ఈ జవాబు మీ ప్రాజెక్టులో ఎక్కడ తప్పుతుంది?" అని అడిగితే అది చెప్పలేదు, ఎందుకంటే దానికి మీ ప్రాజెక్టు తెలీదు. అది మీకే తెలియాలి. ఈ గోల పడలేక మా దగ్గర చివరి రౌండ్ మళ్లీ ఆఫీసుకే రప్పిస్తున్నాం. దాంతో నెల్లూరు నుంచో ఆదిలాబాద్ నుంచో నిజాయతీగా ప్రిపేరైన పిల్లలు కూడా బస్సు చార్జీలు పెట్టుకుని రావాల్సి వస్తోంది.

చేసిన పని చెప్పడం మనవాళ్లకి ఎందుకో సిగ్గు. టీమ్ చేసిందంటారు, మీ చెయ్యి ఎక్కడ పడిందంటే నేల చూస్తారు. నా టీమ్‌లో కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతాను. శుక్రవారం సాయంత్రం లాగవుట్ అయ్యే ముందు నాలుగు లైన్లు రాసుకోండి: ఏది పాడైంది, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు, ఎంత తేడా వచ్చింది. కస్టమర్ పేరు, డేటా, కోడ్ రాయొద్దు, అవి మీవి కావు. ఏప్రిల్‌లో అప్రైజల్ ఫారం నింపేటప్పుడు ఆ లైన్లే పనికొస్తాయి, ఎందుకంటే మేనేజర్‌కి జనవరి తర్వాతవి తప్ప గుర్తుండవు. (నాక్కూడా ఉండవు.) ఇంటర్వ్యూకీ అవే. ఆల్గోరిథమ్స్ సాధన మానమని కాదు, ప్రోడక్ట్ కంపెనీల్లో డీఎస్ఏ (డేటా స్ట్రక్చర్స్, ఆల్గోరిథమ్స్) రౌండ్ దాటకపోతే మిగతా కథ చెప్పే అవకాశమే రాదు. కాకపోతే దానికి చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు కాబట్టి నేను చెప్పను.

ఇక ఆఫర్ లెటర్. దీని గురించి మీ వ్యాసంలో ఒక్క లైను లేదు. మా చిన్నాన్న కొడుకు పోయినసారి ఖమ్మం నుంచి వస్తూనే, "అక్కా, పద్దెనిమిది లక్షలు! నెలకి లక్షన్నర. బండి బుక్ చేసేశా" అన్నాడు. కాగితం ఇవ్వరా అని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాం. పద్దెనిమిదిలో లక్షా ఎనభై వేలు వేరియబుల్ పే. అది ఏడాది చివర కంపెనీ బాగుంటే, వాడి రేటింగ్ బాగుంటే వస్తుంది. బేసిక్ తొమ్మిది లక్షలు. దానిమీద కంపెనీ కట్టే పీఎఫ్ పన్నెండు శాతం, లక్షా ఎనిమిది వేలు, సీటీసీలోనే. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) 4.81 శాతం, నలభై మూడు వేల పైచిలుకు, అదీ సీటీసీలోనే. మెడికల్ ఇన్సూరెన్స్ ఇరవై వేలు, అదీనూ. అన్నీ తీసేస్తే పన్నెండు నెలలకి పంచాల్సింది పద్నాలుగు లక్షల నలభై ఎనిమిది వేలు. నెలకి లక్షా ఇరవై వేల ఏడు వందలు. అందులోంచి వాడి వంతు పీఎఫ్ తొమ్మిది వేలు, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200, కొత్త పన్ను విధానంలో టీడీఎస్ దాదాపు ఏడున్నర వేలు పోతే చేతికొచ్చేది సుమారు లక్షా నాలుగు వేలు.

వాడి ముఖం చూడాలి. "మిగతాది ఎవరు తిన్నారక్కా?" అన్నాడు. ఎవరూ తినలేదు. పీఎఫ్ వాడి డబ్బే, రెండు వంతులూ వాడి పేరుమీదే జమవుతాయి (కంపెనీ వంతులో కొంత పెన్షన్ పథకానికి వెళ్లవచ్చు), దాని గురించి ఏడవాల్సిన పని లేదు. కానీ గ్రాట్యుటీ మామూలుగా అయిదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. రెండేళ్లకోసారి కంపెనీ మారమని చెప్పే వ్యాసాన్ని పాటించేవాడికి అది కాగితం మీది డబ్బే, ప్రతి ఆఫర్లోనూ లెక్కలో కనిపించి ప్రతిసారీ అక్కడే ఉండిపోతుంది. వేరియబుల్ సంగతి చేరకముందే అడగాలి: పోయిన రెండేళ్లలో ఎంత శాతం చెల్లించారు, నెలనెలానా, మూణ్ణెల్లకా, ఏడాదికా, మధ్యలో మానేస్తే పోతుందా అని. వాడికి అంతకుముందు వారమే ఇంకో కంపెనీ నుంచి పదిహేడు లక్షల ఆఫర్ వచ్చింది, తక్కువని పక్కన పడేశాడు. అందులో వేరియబుల్ లేదు, ఇన్సూరెన్స్ సీటీసీ బయట. లెక్క వేస్తే చేతికి లక్షా పన్నెండు వేలు. చిన్న ఆఫర్ నెలకి ఎనిమిది వేలు ఎక్కువ ఇస్తోంది! పద్దెనిమిదిలోని వేరియబుల్ మొత్తం వస్తే ఏడాది చివరికి అదే పైచేయి, సగం వస్తే పన్ను పోను పదిహేడే మేలు. ఏది తీసుకోవాలో నేను చెప్పలేదు. లెక్క కాగితం మాత్రం ఇచ్చాను. దాంతో వాడు పదిహేడువాళ్లకే ఫోన్ చేసి ఇంకో అరవై వేలు ఫిక్స్‌డ్‌లో అడిగాడు, ఇచ్చారు.

ఇలాంటి లెటర్లలో జాయినింగ్ బోనస్ లక్షా యాభై వేలని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏడాదిలోపు మానేస్తే మొత్తం తిరిగి కట్టాలన్న లైను మూడో పేజీలో ఉంటుంది. చదవండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం గ్రాట్యుటీ లాంటివి లెక్కగట్టే వేతనం మొత్తం పారితోషికంలో సగానికి తగ్గకూడదు. కాబట్టి కొత్త ఆఫర్లలో బేసిక్ పెరిగి, చేతికొచ్చేది తగ్గి కనిపించవచ్చు. కంగారు పడకుండా లెక్క వేసుకోవాలి.

నోటీసు పీరియడ్ గురించి ఒక్క మాట. మన కంపెనీలు వదిలేటప్పుడు తొంభై రోజులు ఉండమంటాయి, తీసుకునేటప్పుడు పదిహేను రోజుల్లో రమ్మంటాయి. రెండూ ఒకే కంపెనీ అడిగే కోరికలే. దీనికి భయపడి చేతిలో ఆఫర్ లేకుండానే రాజీనామా చేసి, "ఇమ్మీడియట్ జాయినర్" అని ప్రొఫైల్‌లో పెట్టుకునే పిల్లలు ఎక్కువయ్యారు. నోటీసులో ఉన్నప్పుడు కాల్స్ ఎక్కువ వచ్చే మాట నిజం. ఇంటి లోను, తమ్ముడి ఫీజు ఉన్నవాళ్లు మాత్రం ఆ జూదం ఆడవద్దు. లాస్ట్ వర్కింగ్ డే దాటాక చేతిలో ఏమీ లేకపోతే, అప్పటిదాకా "రేంజ్ ఎంతండీ" అని అడిగిన గొంతే "ఎంతిచ్చినా చేరతాను సార్" అంటుంది. ఆఫర్ ఉన్నవాళ్లు బైఅవుట్ (మిగిలిన నోటీసు రోజులకి పాత కంపెనీకి కట్టే డబ్బు) ఇస్తారా అని కొత్త కంపెనీని అడగవచ్చు, చాలామంది అడగరంతే. నాలుగు ఆఫర్లు సంతకం చేసి చేరే రోజు ఫోన్ ఎత్తనివాళ్ల గురించి కూడా చెప్పాలి. తొంభై రోజులు వాళ్ల కోసం ఖాళీగా ఉంచిన సీటు, రెండో స్థానంలో నిలిచిన ఇంకెవరిదో.

మీకు నా విన్నపాలు రెండు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రలో ఏపీఎస్ఎస్‌డీసీ అనే ప్రభుత్వ సంస్థలు కాలేజీ పిల్లలకు నైపుణ్య శిక్షణ ఇస్తున్నాయి. ఆఫర్ లెటర్ చదవడానికి, జీతం మాట్లాడుకోవడానికి ఆ శిక్షణలో ఒక పూట కేటాయించమని మీ పత్రిక తరఫున అడగండి. అలాగే మీ పేజీలో వచ్చే ఉద్యోగ ప్రకటనల్లో "జీతం: అర్హతను బట్టి" అనే మాట ఇకపై వేయబోమని, రేంజ్ రాయాల్సిందేనని ఒక నియమం పెట్టండి. ప్రకటన డబ్బులు పోతాయేమోనని మీ వాళ్లు అంటారని తెలుసు. ఒక నెల చేసి చూడండి.

ప్రశ్నల జాబితా వేసే చోట ఒకసారి నిజమైన ఆఫర్ లెటర్ ఒకటి, పేర్లు నల్లరంగు పూసేసి, లైను లైనుకీ పక్కన వివరణతో అచ్చు వేయండి. మా చిన్నాన్న కొడుకు తనది పద్దెనిమిది లక్షలది ఇస్తానన్నాడు. చేరలేదు కాబట్టి వాడికి దానితో పనేం లేదు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
నిజాంపేట, హైదరాబాద్